అమ్మకు థైరాయిడ్, డి విటమిన్ రెండూ తక్కువైతే: పొద్దున్న కాఫీ దగ్గర మొదలుపెట్టండి

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. పన్నెండేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. రెండేళ్ల క్రితం టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగించేకొద్దీ పెరిగే రక్తపరీక్ష అంకె) 9 వచ్చింది. 75 మైక్రోగ్రాముల మాత్రను 88కి మార్చారు. ఆరు నెలల తరువాత 14 వచ్చింది, మాత్ర 100 అయింది. ఆ తరువాత 18. మందు పెరిగేకొద్దీ అంకె కూడా ఎందుకు పెరుగుతోందో తెలియక, వారం రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని చూశాను. అమ్మ తెల్లవారుజామున ఐదున్నరకు లేచి, మాత్ర నోట్లో వేసుకుని, చేతిలో ఉన్న కాఫీతో మింగుతోంది. ఏడు గంటలకు ఇడ్లీ, దాని వెంటనే ఎముకల డాక్టరు రాసిన క్యాల్షియం బిళ్ళ. ఈ రెండింటి మధ్య కడుపుమంటకు గ్యాస్ మాత్ర. పన్నెండేళ్లలో ఒక్కరూ, నాతో సహా, "అమ్మా, ఆ మాత్ర దేనితో మింగుతున్నావు?" అని అడగలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే. థైరాయిడ్, డి విటమిన్, ఈ రెండు లోపాలకూ మందులు చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. అవి ఒంటికి పట్టేలా రోజును అమర్చడమే ఇంట్లోవాళ్ల పని. మోతాదు పెంచమని డాక్టరును అడిగే ముందు ఆ అమరిక చూడండి. ఇక్కడ రాసిన అంకెలు డాక్టరు మాట మీకు సులువుగా అర్థం కావడానికే. వాటిని చూసి మాత్రను సొంతంగా పెంచడం, తగ్గించడం, ఆపడం చేయకండి.

మొదటి పని: "వయసు కదా" అని వదిలేసినవన్నీ ఒక కాగితం మీద రాయండి

పెద్ద వయసులో థైరాయిడ్ మందగిస్తే కనిపించే లక్షణాలు ముసలితనం లాగే ఉంటాయి. మలబద్ధకం, నీరసం, పొడిబారిన చర్మం, బొంగురుపోయిన గొంతు, నెమ్మదించిన మాట, మతిమరుపు, ఇష్టమైన సీరియల్ మీద కూడా ఆసక్తి పోవడం. అందరూ ఉక్కపోతకు అల్లాడుతుంటే ఆమె ఒక్కతే ఫ్యాను ఆపమంటుంది. కొందరిలో పైకి ఏమీ కనిపించదు. కొలెస్ట్రాల్ పెరగడమో, రక్తం తగ్గడమో చూసి వెతికితే అసలు కారణం బయటపడుతుంది.

డి విటమిన్ బాగా తగ్గినప్పుడు నొప్పి కీళ్లలోనే కాక నడుము, తుంటి, మోకాలి కింది ఎముకల్లో కూడా ఉంటుంది. తొడల్లో బలం తగ్గుతుంది. దీన్ని ఇంట్లోనే గమనించవచ్చు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా? పూజ దగ్గర కింద కూర్చుంటే, లేవడానికి ఎవరైనా చెయ్యి ఇవ్వాల్సి వస్తోందా? మెట్ల మీద కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాగుతున్నారా? మా అమ్మ ఏడాది పాటు "వాతం" అంటూ నువ్వుల నూనె రాసుకుంది. కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ఊగాల్సి వస్తోందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వారం రోజులు చూసి, తేదీలతో రాయండి. డాక్టరు దగ్గర ఐదు నిమిషాల్లో "అంతా బాగానే ఉంది బాబూ" అనే పెద్దవాళ్ల తరఫున ఆ కాగితమే మాట్లాడుతుంది.

రెండో పని: పరీక్షలు సరైన పద్ధతిలో చేయించండి

థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో తిరిగే థైరాయిడ్ హార్మోను) ఈ రెండూ చాలు. కారణం తెలుసుకోవాలనుకుంటే, ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడిచేస్తోందేమో చూపే యాంటీ టీపీవో పరీక్ష ఒక్కసారి చేయిస్తారు, ప్రతిసారీ అక్కర్లేదు. డి విటమిన్‌కు 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష. వీటితోపాటు రక్తంలో క్యాల్షియం, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, బి12 కూడా చూడమని అడగండి. మూత్రపిండాల పనితీరు తెలియకుండా క్యాల్షియం, డి విటమిన్ పెద్ద మోతాదుల్లో ఇవ్వడం మంచిది కాదు. శాకాహారులకు, చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వాడే మధుమేహులకు బి12 తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ నీరసాన్ని కూడా థైరాయిడ్ ఖాతాలో వేసేస్తుంటాం.

టీఎస్‌హెచ్‌కు పరగడుపు అవసరం లేదు. కానీ ఆ అంకె రోజులో వేళను బట్టి మారుతుంది. కాబట్టి ప్రతిసారీ ఒకే ల్యాబులో, దాదాపు ఒకే వేళకు రక్తం ఇప్పించండి. ఆ రోజు థైరాయిడ్ మాత్రను రక్తం ఇచ్చిన తరువాత వేయండి. జుట్టుకు, గోళ్లకు, నరాలకు అని వాడే విటమిన్ మాత్రల్లో బయోటిన్ ఉంటే అది చాలా ల్యాబుల్లో థైరాయిడ్ అంకెలను తారుమారు చేస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు నుంచి దాన్ని ఆపాలి. ఇంకో మాట. జ్వరంతోనో, న్యుమోనియాతోనో ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేసిన టీఎస్‌హెచ్‌ను చూసి మందు మార్చడానికి తొందరపడవద్దు. ఒళ్లు కోలుకున్న ఆరు వారాల తరువాత మళ్లీ చేయిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

రిపోర్టు చేతికి రాగానే అంకె పక్కన నల్లటి అక్షరాలు చూసి కంగారు పడతాం. ల్యాబు ముద్రించే టీఎస్‌హెచ్ పరిమితి అన్ని వయసులవాళ్లకూ కలిపి వేసింది. వయసుతో పాటు టీఎస్‌హెచ్ కొంత పెరగడం సహజం. అందుకే డెబ్బై దాటినవాళ్లలో చాలామంది డాక్టర్లు 4 నుంచి 6 మధ్య ఉంటే సరిపోతుందని చూస్తారు. టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి, ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే మాత్ర అసలు కావాలా అన్న ప్రశ్న కూడా ఉంది. యూరప్‌లో 65 ఏళ్లు దాటిన 737 మందితో ఇలాంటి స్థితి మీదే ఒక పెద్ద పరిశోధన చేశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. మాత్ర వేసుకున్నవాళ్లకూ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ ఏడాది తరువాత నీరసంలో గానీ ఇతర లక్షణాల్లో గానీ తేడా కనబడలేదు. అందువల్ల కొత్తగా 6, 7 వచ్చిందంటే రెండు మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేయిద్దామని డాక్టరు అంటే అది నిర్లక్ష్యం కాదు. 10 దాటితే మాత్రం సాధారణంగా మందు మొదలుపెడతారు. పెద్దవాళ్లకు, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నవాళ్లకు 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు.

డి విటమిన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువైతే లోపం అంటారు. 12 కంటే తక్కువైతే తీవ్రమైన లోపం. 20కీ 30కీ మధ్య ఉన్నప్పుడు ఏం చేయాలన్న దానిపై వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. 27 వచ్చిందని నిద్ర పాడుచేసుకోకండి.

మూడో పని: పొద్దున్నను సరిచేయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. తీరిగ్గా చదవండి.

థైరాయిడ్ మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్ ఖాళీ కడుపులోనే బాగా ఒంటికి పడుతుంది. ఒక గ్లాసు మంచినీళ్లతో మింగాలి. ఆ తరువాత కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తినకూడదు, తాగకూడదు. కాఫీ కూడా అంతే. మన ఇళ్లలో పరగడుపు అంటే "టిఫిను ముందు" అనే అర్థం స్థిరపడిపోయింది. కాఫీని ఎవరూ తిండిగా లెక్కించరు. కానీ మాత్ర ఒంటికి పట్టకుండా కాఫీ అడ్డం పడుతుంది, అందులోని పాలు ఇంకొంత అడ్డం పడతాయి. రాగి జావ, మజ్జిగ, నిమ్మరసం తేనె, మెంతుల నీళ్లు, ఏవైనా సరే ఆ గంట దాటాకే.

క్యాల్షియం, ఐరన్ మాత్రలకు, కడుపుమంటకు తాగే గులాబీ రంగు టానిక్కులకు నాలుగు గంటల దూరం కావాలి. ఇవి కడుపులో థైరాయిడ్ మందును పట్టుకుని విడవవు. అది రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది. ఎముకల డాక్టరు క్యాల్షియం రాస్తారు, థైరాయిడ్ డాక్టరు థైరాక్సిన్ రాస్తారు. రెండు చీటీలూ "ఉదయం" అనే అంటాయి. ఆ రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూడాల్సింది మనమే.

పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు కూడా పరగడుపునే వేసుకోమంటారు కాబట్టి అక్కడ రద్దీ ఏర్పడుతుంది. ముందు థైరాయిడ్ మాత్ర, అరగంట తరువాత గ్యాస్ మాత్ర, ఇంకో అరగంటకు కాఫీ. ఇలా దూరం పాటించినా ఈ గ్యాస్ మాత్రలు కడుపులో ఆమ్లాన్ని రోజంతా తగ్గిస్తాయి కనుక థైరాయిడ్ మందు పట్టడం కొంత తగ్గవచ్చు. ఏళ్ల తరబడి అలవాటుగా వాడుతున్నట్లయితే ఇంకా అవసరమా అని డాక్టరును అడగండి. ఆపినా, కొత్తగా మొదలుపెట్టినా ఆ మాట థైరాయిడ్ డాక్టరుకు చెప్పండి.

మా ఇంట్లో ఇప్పుడు రోజు ఇలా నడుస్తోంది. ఐదున్నరకు థైరాయిడ్ మాత్ర. దాన్ని, ఒక గ్లాసు నీళ్లను రాత్రే మంచం పక్కన పెడతాను. ఆరున్నరకు కాఫీ. ఏడున్నరకు టిఫిను, బీపీ మాత్ర. మధ్యాహ్నం అన్నం తిన్నాక క్యాల్షియం. రాత్రి భోజనం తరువాత ఐరన్. క్యాల్షియం, ఐరన్ రెండూ ఒకదానికొకటి కూడా పడవు కనుక వాటినీ విడదీశాను. ఆ గంట సేపు కాఫీ లేకుండా గడపడం అమ్మకు మొదటి పది రోజులు నిజంగా కష్టమైంది. నలభై ఏళ్ల అలవాటు కదా. ఆ వేళలో విష్ణు సహస్రనామం పెట్టుకోవడం మొదలుపెట్టింది. అది అయ్యేసరికి అరగంట గడిచిపోతుంది. మీ ఇంట్లో అది సుప్రభాతం కావచ్చు, నమాజు కావచ్చు, పేపరు చదవడం కావచ్చు. గడియారం చూసుకోమని చెప్పడం కంటే ఏదో ఒక పనికి ముడిపెట్టడం పెద్దవాళ్లకు సులువు.

ఇన్సులిన్‌తోనో, మధుమేహ మాత్రలతోనో ఉన్నవాళ్లను ఎక్కువ సేపు ఖాళీ కడుపున ఉంచకూడదు. థైరాయిడ్ మాత్రను లేవగానే వేసి, టిఫిను ఆలస్యం కాకుండా చూడండి. పొద్దున్న ఎలాగూ కుదరని ఇళ్లలో రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. అయితే చివరి ముద్ద తిన్నాక మూడు గంటలు దాటి ఉండాలి, పాలు తాగి పడుకునే అలవాటు మానాలి. ఏ వేళ ఎంచుకున్నా దానికే కట్టుబడండి.

సీసా విషయం. లెవోథైరాక్సిన్ వేడికి, తేమకు, వెలుతురుకు బలం కోల్పోతుంది. వంటింట్లో పొయ్యి పైన అలమరలో, ఎండ పడే కిటికీలో, బాత్రూము అద్దం వెనుక పెట్టకండి. నెలకు సరిపడా మాత్రలను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చకుండా కంపెనీ సీసాలోనే ఉంచండి. బ్రాండు మార్చకపోవడం మంచిది. షాపులో లేక వేరేది తీసుకోవాల్సి వస్తే, ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత ఒకసారి టీఎస్‌హెచ్ చూడండి. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ దానిపై అంకె చదవండి. 25కీ 125కీ మధ్య షాపులో ఒక్క క్షణం తడబాటు చాలు.

మాత్ర మరచిపోతే కంగారు పడవద్దు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అదే రోజు గుర్తొస్తే, తిని మూడు నాలుగు గంటలయ్యాక వేయండి. మరునాడు గుర్తొస్తే ఆ రోజు మాత్ర మాత్రమే వేయండి. డెబ్బై దాటిన గుండెకు రెండు మాత్రలు ఒకేసారి ఇచ్చే ప్రయోగం డాక్టరు చెప్పకుండా చేయకూడదు. ఉపవాసం రోజుల సంగతి కూడా చెప్పాలి. ఏకాదశికీ, కార్తీక సోమవారాలకూ మాత్ర మానేసే పెద్దవాళ్లు చాలామంది. మాత్ర, గుక్కెడు నీళ్లు ఉపవాసాన్ని చెడగొట్టవని ఆమె నమ్మే పెద్దల చేత, అవసరమైతే గుడి పూజారి చేత చెప్పించండి. మీరు చెబితే వినరు.

ఇవన్నీ సరిచేశాక రక్తపరీక్షకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. అంతకంటే ముందు చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు. అయితే 100 మైక్రోగ్రాములు ఇంతకాలం సగమే ఒంటికి పట్టి, ఇప్పుడు పూర్తిగా పట్టడం మొదలైతే అది ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ మార్పులు మొదలుపెట్టే ముందే డాక్టరుకు ఫోను చేసి చెప్పండి. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, విరేచనాలు, ఉన్నట్టుండి బరువు తగ్గడం, నాడి లయ తప్పడం కనిపిస్తే ఎనిమిది వారాలు ఆగకుండా చూపించండి. థైరాయిడ్ మందు ఎక్కువైతే పెద్దవాళ్లలో గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. డి విటమిన్ ఇచ్చి కాపాడుకోవాలనుకున్న ఎముకలే మరి అవి.

నాలుగో పని: డి విటమిన్‌కు వారంలో ఒక రోజు పెట్టుకోండి

మన దగ్గర ఎక్కువగా రాసేది 60,000 యూనిట్ల పొట్లం లేదా గొట్టం మాత్ర. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆ తరువాత నెలకు ఒకటి, ఇది మామూలుగా కనిపించే పద్ధతి. వారానికి 60,000 అంటే రోజుకు ఎనిమిదిన్నర వేలకు పైమాటే. నెలకు ఒకటి అంటే రోజుకు 2,000. ఈ తేడా గుర్తుంచుకోండి. ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. వారానికి ఒకసారి వేసుకోవాల్సినదాన్ని తక్కిన మాత్రలతో కలిపి రోజూ వేసేసుకోవడం ఒకటి. ఎనిమిది వారాలు అయిపోయినా పాత చీటీ చూపించి ఏడాదుల తరబడి వారం వారం కొనుక్కోవడం రెండోది.

డి విటమిన్ నీటిలో కరిగి బయటికి పోయే రకం కాదు. ఒంట్లోని కొవ్వులో నిలవ ఉంటుంది. మితిమీరితే రక్తంలో క్యాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, అయోమయం వస్తాయి. మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే మొత్తం స్ట్రిప్పును పెద్దవాళ్ల చేతికి ఇవ్వకండి. తిథులు చూడటానికి రోజూ వాళ్లు నిలబడే గోడ క్యాలెండరు మీద ఎనిమిది ఆదివారాలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. వేసిన రోజు ఆ సున్నాలో అడ్డగీత కొట్టండి. తొమ్మిదో ఆదివారం దగ్గర "ఆపాలి, డాక్టరును అడగాలి" అని రాయండి.

పొట్లాన్నైనా, మాత్రనైనా మధ్యాహ్నం భోజనం తరువాత ఇవ్వండి. నెయ్యి, పెరుగు, కూరలోని నూనె ఉన్న భోజనంతో అది బాగా పడుతుంది. మూడు నెలల తరువాత ఒకసారి అంకె చూసుకుంటే చాలు, నెల నెలా పరీక్ష డబ్బు దండగ.

ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షను ఒక్కటి వేయించుకుంటే ఏడాదికి సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన స్త్రీలకు ఏడాదికొకసారి ఐదు లక్షల యూనిట్లు ఒకే మోతాదుగా నోటి ద్వారా ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. మందు పుచ్చుకున్నవాళ్లే ఎక్కువగా కిందపడ్డారు, వాళ్ల ఎముకలే ఎక్కువగా విరిగాయి. తక్కువ మోతాదులో తరచుగా ఇవ్వడమే పెద్దవాళ్లకు క్షేమం.

మూత్రపిండాల జబ్బు, కిడ్నీలో రాళ్లు, క్షయ ఉన్నవాళ్లు డాక్టరు ప్రత్యేకంగా చెబితేనే వాడాలి. బీపీ మాత్ర పేరు చివర "హెచ్" ఉంటే అందులో సాధారణంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసి ఉంటుంది. అది క్యాల్షియాన్ని ఒంట్లో ఆపుతుంది. దాంతో క్యాల్షియం, డి విటమిన్ కలిస్తే రక్తపరీక్ష తప్పదు. మూర్ఛకు ఫెనిటోయిన్, కార్బమజెపిన్ వాడేవాళ్లలో డి విటమిన్ తరిగిపోతుంది, థైరాయిడ్ మందు అవసరం కూడా పెరగవచ్చు.

ఐదో పని: ఎండను నీడతో కొలవండి

నాన్న పోయాక అమ్మను తెనాలి పక్క పల్లె నుంచి హైదరాబాదు అపార్ట్‌మెంటుకు తెచ్చుకున్నాం. అక్కడ డాబా మీద వడియాలు పెట్టేది, మిరపకాయలు ఎండబోసేది, ఆవకాయ రోజుల్లో ముక్కలు తుడిచి ఆరబెట్టేది. మిట్టమధ్యాహ్నం రెండుసార్లైనా పైకెక్కి తిరగేసి వచ్చేది. ఇక్కడ అద్దాల బాల్కనీలో కూర్చుని "ఎండలోనే ఉన్నానే" అంటుంది. డి విటమిన్‌ను తయారుచేసే కిరణాలు అద్దం దాటి రావు. ఆమె లోపానికి సగం కారణం ఆ ఇల్లు మారడమేనని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

పొద్దున్న ఆరున్నరకు లేత ఎండలో నడవడం ఆరోగ్యానికి మంచిదే, డి విటమిన్‌కు మాత్రం దాదాపు పనికిరాదు. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పుడే ఆ కిరణాలు తగినంత బలంగా నేలకు చేరతాయి. హైదరాబాదులో డిసెంబరులో ఆ వేళ ఉదయం పదకొండు నుంచి ఒంటిగంటన్నర వరకు. మే నెలలో ఉదయం తొమ్మిదికే నీడ పొట్టిదవుతుంది. ఇది మనకు కలిసొచ్చే విషయం. ఎండాకాలంలో వడదెబ్బ వేళకు ముందే, తొమ్మిది దాటాక పది పదిహేను నిమిషాలు చాలు. పదిన్నర దాటితే పెద్దవాళ్లను ఏప్రిల్, మే ఎండలోకి పంపనే కూడదు. చలికాలంలో పదకొండున్నరకు డాబా మీద కుర్చీ వేసి అరగంట కూర్చోబెట్టండి. చేతులు, పాదాలు, వీలైతే వీపు పైభాగం ఎండకు తగలాలి. తలకు నీడ ఉండవచ్చు.

వయసుతో చర్మం ఈ విటమిన్‌ను తయారుచేసే శక్తి చాలా తగ్గిపోతుంది. మన చాయకు ఎండ ఇంకొంచెం ఎక్కువసేపు కావాలి. అందుకే లోపం బయటపడ్డాక ఎండతోనే నయం చేద్దామనుకోవద్దు. మందు లోటు పూడుస్తుంది, ఎండ దాన్ని నిలబెడుతుంది.

ఆరో పని: వంటింట్లో చేయగలిగింది, చేయలేనిది

తిండితో డి విటమిన్ లోపం తీరదు. కొవ్వు ఎక్కువగా ఉన్న చేపలు, గుడ్డులోని పచ్చసొన కొంత ఇస్తాయి. ప్లస్ ఎఫ్ గుర్తున్న పాల ప్యాకెట్లలో లీటరుకు 200 నుంచి 300 యూనిట్లు కలుపుతారు. ఒక గ్లాసుకు లెక్కవేస్తే అరవై దాటదు. పెద్దవాళ్లకు రోజుకు 800 కావాలి. క్యాల్షియం విషయంలో మాత్రం మన వంటిల్లు గొప్పది. నూరు గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నువ్వుల పొడి, మునగాకు పప్పు, పెరుగు అన్నం, ముళ్లతో తినే చిన్న చేపలు. తిండిలోనే సరిపోతే క్యాల్షియం బిళ్ళ అవసరమా అని డాక్టరును అడగవచ్చు.

థైరాయిడ్ ఉంది కాబట్టి క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయాలన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. ఉడికించి మామూలుగా కూరలా తింటే ఏమీ కాదు. అసలే నోరు సహించక నాలుగు కూరలతో కాలం గడిపే మనిషికి ఇంకో రెండు కూరలు నిషేధించడం అన్యాయం. ఉప్పు అయోడిన్ కలిసినదే వాడండి. సైంధవ లవణానికి పూర్తిగా మారిపోకండి. విడిగా అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులు అక్కర్లేదు. సోయా తింటే మాత్రకు దూరంగా, మధ్యాహ్నమో రాత్రో తినిపించండి.

ఏడో పని: పడిపోకుండా చూడండి

ఇంత కష్టమూ ఇందుకే. తొడల్లో బలం లేని మనిషి, గుల్లబారిన ఎముకలతో, రాత్రి రెండింటికి చీకట్లో బాత్రూముకు వెళ్తే ఏం జరుగుతుందో తుంటి ఎముక విరిగిన ఇంటివాళ్లను అడగండి. బాత్రూములో చేతికి అందే ఎత్తున గోడకు ఉక్కు కమ్మీ బిగించండి. నేల మీద జారని చాప వేయండి. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా చిన్న దీపం వెలగాలి. ఇంట్లో కూడా వెనుక పట్టీ ఉన్న చెప్పులు అలవాటు చేయండి.

రోజుకు రెండుసార్లు, గోడకు ఆనించిన కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించండి. మొదట చేతులు ఆనించి ఐదుసార్లు, బలం వచ్చాక చేతులు ఆనించకుండా పదిసార్లు. పక్కన మీరు నిలబడండి. మందు ఎముకకు అందుతుంది, కండకు మాత్రం ఇదే మందు.

దూరాన ఉన్న పిల్లలకు

డల్లాస్‌లోనో, బెంగళూరులోనో ఉండి ఫోనులో చూసుకునేవాళ్లకు ఒక చిన్న సలహా. "మాత్ర వేసుకున్నావా అమ్మా?" అని అడగకండి. ఏ తల్లైనా "వేసుకున్నాను" అనే చెబుతుంది. "పొద్దున్న మాత్ర ఎన్నింటికి వేసుకున్నావు, కాఫీ ఎన్నింటికి తాగావు?" అని అడగండి. సీసా తెరిచిన రోజున మూత మీద తేదీ రాయించండి. నెలకొకసారి వీడియోలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టించండి. వాడుతున్న అన్ని మందులనూ, నాటు మందులు, చూర్ణాలతో సహా, బల్ల మీద పరిచి ఒక ఫొటో తీయించి దగ్గర పెట్టుకోండి. కొత్త డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్లినా ఆ ఫొటో ముందుగా చూపించాలి. రక్తం పలుచబడటానికి వార్‌ఫరిన్ వాడుతున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. థైరాయిడ్ మోతాదు మారితే దాని ప్రభావం కూడా మారుతుంది.

ఎప్పుడు ఆగకూడదు

థైరాయిడ్ మందు కొన్నాళ్లుగా మానేసిన మనిషి, జ్వరమో ఇన్ఫెక్షనో వచ్చి, ఒళ్లు చల్లబడి, మగతగా ఉండి, పిలిస్తే సరిగా పలకకపోతే వెంటనే 108కి ఫోను చేయండి. ఛాతీనొప్పి, ఆయాసం, ఆగని గుండె దడ వచ్చినా అంతే. డి విటమిన్ ఎక్కువగా వేసుకున్నట్టు తెలిసి, వాంతులు, అయోమయం ఉంటే మిగిలిన పొట్లాలను వెంట తీసుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. వేళలు మార్చిన ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ 2 దగ్గరకు దిగింది. ఆమె వయసుకు అది అవసరం కంటే తక్కువని డాక్టరు మాత్రను 100 నుంచి మళ్లీ 75కి తగ్గించారు. ఇంకో ఎనిమిది వారాలకు 4.6. అప్పటి నుంచి ఆరు నెలలకొకసారి పరీక్ష. డి విటమిన్ 11 నుంచి మూడు నెలల్లో 34కి వచ్చింది, ఇప్పుడు నెలకొక పొట్లం. ఈ ఫిబ్రవరిలో కుర్చీలోంచి ఒక్క ఊపులో లేచి, పై అంతస్తు డాబా తాళం చెవి అడిగి తీసుకుంది. మినప వడియాలు పెడతానంది.